చదివాక చెప్పాలి

పుచ్చుకోవడం కన్నా ఇవ్వడంలోనే ధన్యత ఉందన్న యేసు మాట ఏ విశ్వాసినడిగినా చెబుతారు. నాలుగు సువార్తలూ గాలించినా అది దొరకదు. ఎఫెసు సంఘపు పెద్దలకు పౌలు గుర్తుచేసినట్టు అపొస్తలుల కార్యాల్లో (20:35) ఉంది. అంటే అప్పటికి అది నోట నోట నడుస్తున్న మాట. ఆ కార్యాలు రాసిన లూకా అయితే తన సువార్త మొదట్లోనే, కళ్లారా చూసినవాళ్లు అప్పగించిన సంగతులు రాస్తున్నానని చెప్పేశాడు.

ఆ లూకానే కోయ భాషలోకీ వచ్చాడు. గోదావరిలో పడవల దారి పనుల మీద వచ్చిన ఇంజనీరు హేగ్ చొరవతో దుమ్ముగూడెం మిషన్ మొదలైంది. తర్వాత వచ్చిన మిషనరీ జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 1876 నుంచి ‘ఇండియన్ యాంటిక్వరీ’లో రాశాడు. 19వ శతాబ్దం దాటకముందే లూకా సువార్త కోయ మాటల్లో, తెలుగు అక్షరాల్లో అచ్చయింది. అచ్చయితే అయింది, చదివేవాళ్లేరీ? ఎవరో ఒకరు చదివి వినిపించాల్సిందే.

మా సాయంత్రపు ప్రార్థనల్లో అలా పాఠం చదివి వినిపించే పని నాది. చదివాక పుస్తకం మూసి కథ మళ్లీ చెబుతాను. ఓసారి తప్పిపోయిన గొర్రె కథ చెబుతుంటే మేకలు కాసే పెద్దాయన అడ్డం తగిలాడు.

“మరి ఆ తొంభై తొమ్మిదింటి కాడ ఎవర్ని పెట్టి పోయిండు సారూ? అడివాయె.”

లూకా 15లో దానికి జవాబు లేదు. రాసి లేనిది కలపొద్దని పాస్టరు గారి హెచ్చరిక. నేనూ కలపను. లేఖనమే కొలబద్ద అన్న ప్రొటెస్టంట్ పట్టుదలా తెలుసు, లేఖనమూ సంప్రదాయమూ ఒకే ఊటలోంచి వచ్చినవని 1965లో రెండో వాటికన్ సభ అన్నదీ తెలుసు. కానీ పెద్దాయన ప్రశ్నను నొక్కేస్తే కథే చస్తుంది. మందను అడవిలో వదిలిపోవడం ఎంత తెగింపో అడవి తెలిసినవాడికే తట్టింది. యేసు చెప్పింది ఆ తెగింపు గురించే కదా!

నోటిమాట ఇష్టమొచ్చినట్టు మారిపోతుందనేవాళ్లు కోయల వేల్పు కథలు పాడే డోలీల దగ్గర కూర్చోవాలి. వేల్పుల జెండా అయిన పడిగె మీద బొమ్మలుంటాయి. పాడేవాడు లేకపోతే అది వట్టి గుడ్డ. ఏ గట్టు (వంశం) కథ ఆ గట్టు పెద్దల ముందు పాడాలి, పేరు తప్పితే వాళ్లు ఊరుకోరు. సమ్మక్క–సారలమ్మ కథ పాడిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. వేల్పు కథ ఒక వంశానిది, సువార్త అందరి కోసం వచ్చానంటుంది. రెండూ ఒకటేనని నేననను. అయితే విన్నవాళ్లే తప్పు పట్టే ఆ కాపలా మా దగ్గర తక్కువ. అందుకే ఇప్పుడు కథ వాళ్లచేతే తిరిగి చెప్పిస్తున్నాను. ఒకరు వదిలేసింది ఇంకొకరు అందుకుంటారు. మాటామాటా పెరిగితే అప్పుడు పుస్తకం తెరుస్తాం.