అనుకోని గర్భానికి తెలుగు మాట: తిరుత్తణి సరిహద్దు నుంచి ఒక పరిశీలన

స్త్రీల ఆరోగ్యం గురించి తెలుగులో వచ్చిన వచనాన్ని మన విమర్శకులు సాహిత్యంగా గాని, భాషా సామగ్రిగా గాని అంతగా పట్టించుకోలేదు. మాలతీ చందూర్ మద్రాసులో ఉంటూ ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాలపాటు నడిపిన 'ప్రమదావనం', హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన 'సవాలక్ష సందేహాలు' ఈ కోవలోవి. అడిగే మనిషి సిగ్గుపడకుండా అడగగల మాట, జవాబు చెప్పేవారు తీర్పు ఇవ్వకుండా చెప్పగల మాట ఉన్నప్పుడే ఇటువంటి వచనం నిలుస్తుంది. ఈ గీటురాయిమీద ఒక్క విషయాన్ని, అనుకోకుండా వచ్చిన గర్భాన్ని గురించిన తెలుగును, పరీక్షించి చూద్దాం.

ఇందుకు తిరుత్తణి ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. చిత్తూరు జిల్లాలో ఉండిన ఈ తాలూకా సరిహద్దుల మార్పుతో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఇప్పుడు తిరువళ్ళూరు జిల్లాలో భాగం. ఇక్కడ ఎన్నో ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. బడిలో తమిళం నేర్చుకుంటారు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత అది తప్పనిసరి అయింది. కనుక ఇక్కడి తెలుగింటి అమ్మాయి ఆసుపత్రిలో ఇచ్చే తమిళ కాగితాన్ని చదవగలదు. అందులో 'కరుక్కలైప్పు' అని ఉంటుంది. అర్థమవుతుంది. కాని ఇంటికి వచ్చి అమ్మతో ఏ మాట అనాలి? చిక్కంతా అక్కడ ఉంది.

వాడుకలోని మాటలు మొదట చూద్దాం. 'నెల తప్పింది', 'కడుపు వచ్చింది': ఈ రెంటిలోనూ స్త్రీ కర్త కాదు. జరిగిన సంగతి చెప్పడమే గాని నింద లేదు. 'తప్పు' నామవాచకమైతే దోషం. 'నెల తప్పడం'లో అది క్రియ, దోషం ఊసే లేదు. గర్భం దానంతట అది నిలవకపోతే 'కడుపు పోయింది' అంటాం. వైద్యుని చేత ముగింపజేసుకుంటే 'కడుపు తీయించుకుంది' అంటాం. తీయు, ఇంచు, కొను: ప్రేరణార్థకం, ఆత్మార్థకం రెండూ చేరి నిర్ణయం ఎవరిదో వ్యాకరణమే చెబుతున్నది. ఇంత స్పష్టమైన భేదం ఉన్న భాషలో పత్రికలు, ప్రభుత్వ కాగితాలు రెంటికీ కలిపి 'గర్భస్రావం' అని రాస్తాయి. ఇదివరకు గర్భస్రావం జరిగిందా అని డాక్టరు అడిగితే, ఏ సంగతి అడుగుతున్నారో తెలియక స్త్రీ తడబడుతుంది.

ఇంతకంటే హాని చేసే మాట 'భ్రూణహత్య'. లింగనిర్ధారణను నిషేధించే 1994 చట్టాన్ని ప్రచారం చేసే గోడపత్రాలలో ఇది స్థిరపడింది. ఆ చట్టం అవసరమైనదే. కాని అది వేరు, 1971 నాటి వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం వేరు. 'హత్య' అన్న మాట ఈ రెండో చట్టం మీద కూడా నీడ వేసి, ఉన్న హక్కును నేరంగా కనిపింపజేస్తున్నది. భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ నేటికీ గర్భస్రావం చేయించడాన్ని నేరంగానే పేర్కొంటున్నది కాబట్టి, 1971 చట్టం ఇచ్చిన మినహాయింపును విడమరచి చెప్పవలసిన బాధ్యత మరింత పెరిగింది.

ఆ చట్టం చెప్పేది తేట తెలుగులో ఇలా రాయవచ్చు. ఇరవై వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం చాలు. గర్భనిరోధక సాధనం పనిచేయక గర్భం వస్తే, దానివల్ల కలిగే వేదనను చట్టం మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హానిగానే ఎంచుతుంది. 2021 సవరణ ఇక్కడ 'వివాహిత, ఆమె భర్త' అన్న మాటలు తీసి 'స్త్రీ, ఆమె భాగస్వామి' అని పెట్టింది. ఇరవై నుంచి ఇరవైనాలుగు వారాల మధ్య, నిబంధనల్లో పేర్కొన్న స్త్రీలకు ఇద్దరు వైద్యుల అభిప్రాయం కావాలి. అవివాహితలకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు, భర్త సంతకం అక్కరలేదు. అంతకు లోపు వయసైతే సంరక్షకుల రాతపూర్వక సమ్మతి ఉండాలి. పేరు, వివరాలు చట్టం అనుమతించినవారికి తప్ప బయటపెట్టకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, ప్రభుత్వం ఆమోదించిన చోట గాని మాత్రమే చేయించుకోవాలి.

'అవాంఛిత గర్భం' అన్న సమాసం మీదా నాకు ఆక్షేపణ ఉంది. వద్దనుకున్న గర్భం అని ముందే తేల్చేస్తుంది. నిజానికి అనుకోని గర్భం అక్కరలేని గర్భమే కానక్కరలేదు. ఉంచుకోవాలనుకునే స్త్రీకి ఊళ్ళోని ఆరోగ్య ఉపకేంద్రంలో నమోదు, డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరిట ఉన్న ప్రసూతి సహాయ పథకం ఉన్నాయి. కని, పెంచలేననుకునే స్త్రీకి మూడో దారి ఉంది. దానికి తెలుగులో 'వదిలేయడం' అన్న మాటే వినిపిస్తుంది. 2015 నాటి బాలన్యాయ చట్టం వదిలేయడాన్ని, అప్పగించడాన్ని వేరుగా చూస్తుంది. బాలల సంక్షేమ కమిటీకి అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. 1992లో సేలంలో మొదలైన ఉయ్యాల బిడ్డల పథకం పేరులో ఉన్న మెత్తదనం మన 'వదిలేయడం'లో లేదు.

వాడుకమాట మోటుగా ఉంటుందనీ, సంస్కృత సమాసం మర్యాదగా ఉంటుందనీ కొందరు అనవచ్చు. మర్యాద పేరుతో అర్థాన్ని మరుగుపరిచే మాట శాస్త్రానికీ పనికిరాదు, మనిషికీ పనికిరాదు. 'అనుకోని గర్భం', 'కడుపు పోవడం', 'కడుపు తీయించుకోవడం', 'బిడ్డను అప్పగించడం': ఈ నాలుగూ చాలు. వీటితో రెండు పుటల తెలుగు కరపత్రం రాసి, పక్కనే తమిళ మాటలు తెలుగు లిపిలో ఇచ్చి, 104 ఆరోగ్య సహాయ సంఖ్యను, 181 మహిళా సహాయ సంఖ్యను చేర్చి తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు ఆసుపత్రులకు అందించవచ్చు. తెలుగు చదవలేని ఇళ్ళూ అక్కడ ఉన్నాయి కనుక చదివి వినిపించేవారూ కావాలి. సరిహద్దు తెలుగును సేకరించడం మన శాఖలు ఎప్పటినుంచో చేస్తున్న పని. సేకరించిన మాటలను ఆ మనుషుల అవసరానికి తిరిగి ఇవ్వడం ఇంకా మిగిలి ఉంది.