పై నుంచి చూసిన అడవి

మా ఊరి వెనక కొండ మీద పెద్ద నల్లమద్ది ఒకటి ఉంది. అడ్డతీగ దాన్ని కొన దాకా కమ్మేసింది. కింద నిలబడి మొసలి వీపులా పగిలిన బెరడు చూస్తే అది మద్ది అని మా బడి పిల్లలు కూడా చెబుతారు. పై నుంచి చూస్తే మాత్రం మద్ది ఆకు కనపడదు. అంతా రెండు చీలికల అడ్డాకే.

గత ఏడాది ఒక శిక్షణలో ఆ కొండను డ్రోన్‌తో తీసిన పటం గోడ మీద వేసి చూపించారు. ఏ చెట్టు ఏ జాతో కంప్యూటరే గుర్తించిందట. మా మద్దికి అందులో మూడో చెట్టు పేరేదో పెట్టి ఉంది. లేచి చెప్పాను. "ఒకటీ అరా తప్పులు ఉంటాయిలెండి మాస్టారూ" అన్నారు. తప్పు ఒకటేనా, పదా అన్నది కాదు నా బాధ. ఆ తప్పు ఎక్కడ పుట్టిందన్నదే అసలు సంగతి.

ముందు ఆ పని ఎలా జరుగుతుందో చూద్దాం. డ్రోన్ అడవి పైన వరసలుగా ఎగురుతూ, ఒకదాని మీద ఒకటి కొంత పడేలా వందల ఫోటోలు తీస్తుంది. వాటిని కంప్యూటర్ ఒక్క పటంగా కుడుతుంది. ఒక్కో చెట్టు తలకూ గీత గీస్తుంది. రంగు, ఆకారం, ఆకుల గరుకు చూసి పేరు చెబుతుంది. కొన్ని కెమెరాలు మన కంటికి కనపడని పరారుణ కాంతిని కూడా పట్టుకుంటాయి. అయితే పేరు చెప్పడం యంత్రానికి పుట్టుకతో రాదు. ముందు ఎవరో అడవిలో నడిచి, ఇది తునికి, ఇది ఏగిస అని కొన్ని వందల చెట్లకు పేర్లు రాసి ఇవ్వాలి. యంత్రం నేర్చుకునేది వాటి నుంచే. ఆ జాబితాలో లేని పేరును అది చెప్పలేదు. ఉన్నవాటిలో దగ్గరగా అనిపించిన పేరు తీసి అంటిస్తుంది.

మా పటం పక్కన ఉన్న జాబితాలో అడ్డ లేదు. అది తీగ కదా, చెట్టు కాదు కదా అన్నారు. కానీ విస్తరాకులు కుట్టి సంతలో అమ్మే మా ఆడవాళ్లకు ఆ కొండ మీద ముఖ్యమైనది అడ్డే. అంటే తప్పు కెమెరాది కాదు. ఏది లెక్కలోకి వస్తుందో ముందే నిర్ణయించిన మనిషిది.

డ్రోన్‌ను తీసిపారేయాలని నేను అనడం లేదు. జీలుగు చెట్టును అది తేలిగ్గా పట్టుకుంటుంది, ఆ ఆకుల తీరే వేరు. ఫాల్గుణంలో ఎగరేస్తే ఆకు రాల్చి ఎర్రగా పూసిన మోదుగలు ఎన్నో గంటలో లెక్క తేలుతుంది. మనిషి ఎక్కలేని బండల మీది చెట్లు కూడా కనపడతాయి. అయితే అదే మోదుగను శ్రావణంలో చూస్తే పచ్చదనంలో కలిసిపోతుంది. ఇప్ప ఆకు రాల్చి, పూసి, ఎర్రటి చిగురు వేసి, మళ్లీ పచ్చబడుతుంది. కొన్ని నెలల్లోనే దానికి ఇన్ని రూపాలు. ఒక్క రోజు ఎగిరి తీసిన పటం ఆ ఒక్క రోజు సంగతే చెబుతుంది. ఇక పెద్ద చెట్ల నీడలో ఉన్న మొలకలు, పొదలు, దుంపలు దానికి ఎప్పటికీ కనపడవు. రేపటి అడవి ఆ నీడలోనే ఉంది.

పనామా దేశంలో బర్రో కొలరాడో అనే దీవి ఉంది. అక్కడ 1980ల మొదట్లో 50 హెక్టార్ల అడవిలో ఒక సెంటీమీటరు మందం ఉన్న మొక్క నుంచి ప్రతిదాన్నీ మనుషులు నడిచి కొలిచి, పేరు రాశారు. ఇప్పటికీ కొన్నేళ్లకోసారి కొలుస్తున్నారు. డ్రోన్లు ఆ తర్వాత వచ్చాయి. పై నుంచి తీసిన ఫోటోలో పేరు సరైనదో కాదో అక్కడ తేల్చగలుగుతున్నారంటే కింద నడిచినవాళ్ల శ్రమ వల్లే. మన కొండల్లో ఆ నడక తరతరాలుగా జరుగుతూనే ఉంది. కాగితం మీద మాత్రం లేదు. అందుకే మన పెద్దలను దారి చూపే కూలీలుగా పిలుస్తారు తప్ప తెలిసినవాళ్లుగా పిలవరు.

ఇది పేర్ల తగాదా మాత్రమే కాదు. పటం ఆఫీసుకు చేరాక మన మాట కంటే దానికే విలువ ఎక్కువ. ఏ ఇప్పచెట్టు కింద ఏ ఇంటివాళ్లు పువ్వు ఏరుకుంటారో ఊరికి తెలుసు, పటానికి తెలియదు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని నియమాలను 2012లో సవరించినప్పుడు ఒక మాట స్పష్టంగా రాశారు: ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతిక పరిజ్ఞానం మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చు, వాటి బదులుగా కాదు. క్లెయిము పెట్టుకోని పెద్దల వాంగ్మూలాన్ని రాసి ఇస్తే అది కూడా సాక్ష్యమే. ఈ రెండు మాటలు మన యువతకు నోటికి రావాలి. "పటంలో లేదు" అని ఎవరైనా క్లెయిము పక్కన పెడితే అడగడానికి ఇవే ఆధారం.

అదే చట్టం సామూహిక అటవీ వనరులను కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభకు ఇచ్చింది. ఆ ప్రణాళికకు డ్రోన్ పటం పనికొస్తుంది. కాకపోతే జాబితా గ్రామసభ రాయాలి. అందులో అడ్డ ఉండాలి. మన భాషలోని పేరు ఉండాలి. ఎప్పుడు ఎగరాలో పూత తెలిసినవాళ్లు చెప్పాలి. పటం ప్రతి ఒకటి ఊళ్లో ఉండాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. డ్రోన్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మా బడిలో ఇరవై చెట్లకు నంబర్లు కట్టాం. నెలకోసారి పిల్లలు వెళ్లి ఆకు, పూత, కాయ చూసి నోటుపుస్తకంలో రాస్తారు. పేరు ఇంట్లో అవ్వను, తాతను అడిగి రాయాలి. తెలుగు పేరు పక్కన మన భాష పేరు, ఆ పక్కన దాని ఉపయోగం. మొదటి నెలలోనే నాకు తెలియని పేర్లు నాలుగు వచ్చాయి. డిప్లొమా చదివిన నేను ఆ నాలుగూ మూడో తరగతి పాప దగ్గర నేర్చుకున్నాను.

రేపు ఎవరైనా డ్రోన్ తీసుకుని మన ఊరికి వస్తే ఆ పుస్తకం ముందు పెడదాం. పై నుంచి వాళ్లు చూసింది, కింద మనం చూసింది పక్కపక్కన పెట్టి సరిచూసుకుందాం. మద్ది మీద అడ్డ ఉందని అప్పుడు పటమూ చెబుతుంది.