ముందు మీటరు, తర్వాతే ఐరన్

2001 మార్చిలో జపాన్‌లో నింటెండో గేమ్ బాయ్ అడ్వాన్స్‌ను విడుదల చేసినప్పుడు దానికి ఉన్న పెద్ద లోటు తెరకు సొంత వెలుగు లేకపోవడం. కిటికీ పక్కన కూర్చోవాలి, లేదా దీపం కింద ఏటవాలుగా పట్టుకోవాలి. మరుసటి ఏడాదే ఆఫ్టర్‌బర్నర్ అనే కిట్ వచ్చింది. తెర ముందు పలచని వెలుగు పలకను అమర్చి, దానికి కరెంటు అందేలా బోర్డుకు తీగలు సోల్డర్ చేయాలి. 2003లో కంపెనీయే లైటున్న ఎస్‌పీ మోడల్‌ను తెచ్చింది. అయినా పాత సెట్టును విప్పి బాగుచేసుకునే అలవాటు పోలేదు. ఇప్పుడు సొంత వెలుగున్న ఐపీఎస్ తెరలు వేస్తున్నారు. వెలుగు పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి ఎల్, ఆర్, సెలెక్ట్ బటన్ల పాయింట్లకు మూడు సన్నని తీగలు కలుపుతున్నారు. ఆ మూడు తీగల దగ్గరే చాలా సెట్లు డెడ్ అవుతున్నాయి.

అలా డెడ్ అయిన సెట్టును బతికించడానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని ఎవరూ ఒక్కచోట కూర్చుని రాయలేదు. టీవీ, ఫోన్ రిపేరు బల్లల మీద, ఔత్సాహికుల ఇళ్లలో అది చేతి నుంచి చేతికి వచ్చింది. అందులో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది దాని నిదానం.

సెట్టు ఆన్ కాకపోతే చెయ్యి వెంటనే సోల్డరింగ్ ఐరన్ మీదికి పోతుంది. అతుకు సరిగా పడలేదేమో, ఇంకొంచెం లెడ్డు పెడదామనిపిస్తుంది. అదే ప్రమాదం. రాగి ప్యాడ్ ఫైబర్ బోర్డుకు అంటుకుని ఉండేది జిగురు బలంతోనే. మళ్లీ మళ్లీ వేడి తగిలితే ఆ పట్టు సడలి ప్యాడ్ ఊడి వస్తుంది. 63/37 లెడ్డు 183 డిగ్రీలకే కరుగుతుంది. ఐరన్‌ను అంతకు ఎంతో ఎక్కువ వేడి మీద పెట్టి అదిమి పట్టుకుంటే అతుకు బలపడదు, ప్యాడ్ పోతుంది.

కాబట్టి ముందు సెల్స్ తీసేయాలి. కళ్లతో చూడాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో పేస్టు మరకలు కడిగి, భూతద్దం పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా తిప్పి చూస్తే సగం కథ అక్కడే తెలిసిపోతుంది: రెండు కాళ్ల మధ్య లెడ్డు వంతెన, ఎక్కడో జారిన చిన్న లెడ్డు గుండు, ఐరన్ తగిలి ఎగిరిపోయిన కెపాసిటర్ చోటు. తెర రిబ్బన్ వెనుక బయటపడి ఉన్న పాయింట్లు లోపలి లోహపు కవచానికి తగులుతున్నాయేమో కూడా చూడాలి. అక్కడ కాప్టాన్ టేపు ముక్క వేయడం మరిచిపోయి సెట్టునే తప్పుపట్టేవాళ్లు తక్కువేమీ కాదు.

తర్వాత వినాలి. కార్ట్‌రిడ్జ్ లేకుండా ఆన్ చేసినా మంచి గేమ్ బాయ్ అడ్వాన్స్ తన లోగో చూపించి చిన్న రాగం వినిపిస్తుంది. తెర నల్లగా ఉన్నా ఆ రాగం వినపడిందంటే ప్రాసెసర్ బతికే ఉంది. వెతకాల్సింది తెర, రిబ్బన్, దాని కనెక్టర్ గొళ్లెం. ఎల్‌ఈడీ వెలిగి, రాగం లేకపోతే వేరే దారి: లోపలి వోల్టేజీలు కొలవాలి. ఎల్‌ఈడీ కూడా వెలగకపోతే కరెంటు దారినే మొదటి నుంచి నడవాలి.

రెండు పెన్సిల్ సెల్స్ నుంచి వచ్చే 3 వోల్టులు స్విచ్, ఎఫ్1 అనే చిన్న ఫ్యూజ్ మీదుగా కన్వర్టర్‌కు చేరతాయి. అక్కడ 3.3 వోల్టులు, పాత గేమ్ బాయ్ కార్ట్‌రిడ్జ్‌ల కోసం 5 వోల్టులు, తెరకు కావలసిన వేరే వోల్టేజీలు తయారవుతాయి. ఫ్యూజ్‌కు ఒకవైపు 3 ఉండి రెండోవైపు సున్నా ఉంటే అది కాలిపోయింది. కాలిన ఫ్యూజ్ మీద తీగ ముక్క వేసి ఆన్ చేసే అలవాటును నేను అస్సలు ఒప్పుకోను. ఫ్యూజ్ ఊరికే పోదు. సెల్స్ తీయకుండా సోల్డర్ చేసినప్పుడో, 3.3 లైను గ్రౌండ్‌కు తగిలినప్పుడో పోతుంది. తీగ వేస్తే ఆ తర్వాత కాలేది బోర్డే.

అందుకే సెల్స్ లేకుండా 3.3 లైనుకూ గ్రౌండ్‌కూ మధ్య మల్టీమీటరుతో ఓములు కొలవాలి. ఒకటి, రెండు ఓములే చూపిస్తే ఫుల్ షార్ట్. ఆపైన డయోడ్ మోడ్: ఎర్ర ప్రోబ్ గ్రౌండ్ మీద, నల్లది అనుమానించిన పాయింటు మీద. చిప్ వరకు దారి బాగుంటే చాలా పాయింట్లలో 0.4 నుంచి 0.7 మధ్య ఏదో ఒక అంకె కనిపిస్తుంది. సున్నా అయితే షార్ట్, మీటరు ఓఎల్ అని చూపిస్తే ట్రాక్ కట్. పక్కన మంచి బోర్డు ఒకటి పెట్టుకుని పాయింటుకు పాయింటు పోల్చి చూసేవాళ్లు నిజమైన పనిమంతులు. షార్ట్ ఎక్కడుందో తేలకపోతే ఆ లైనుకు 1 వోల్టు లోపే, కరెంటుకు హద్దు పెట్టి ఎక్కించి, బోర్డు మీద ఆల్కహాల్ తడి పూస్తారు. తడి ముందుగా ఎక్కడ ఆరిపోతే షార్ట్ అక్కడే. హైదరాబాద్ జగదీష్ మార్కెట్ ఫోన్ మెకానిక్‌కు ఇది కొత్త విద్య కాదు.

ఇంత చేసినా ఒక మెలిక మిగులుతుంది. ఐపీఎస్ తెర పాత తెరకంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. ఏళ్ల తరబడి కిలుం పట్టిన స్విచ్ ఆ భారం మోయలేక వోల్టేజీని కిందికి దించుతుంది, సెట్టు వెలిగి ఆరిపోతుంది. కొత్త అతుకును అనుమానిస్తూ గంటలు పోగొట్టుకునే ముందు, సెట్టు ఆన్‌లో ఉండగా స్విచ్‌కు రెండువైపులా వోల్టేజీ కొలిచి చూడాలి.

ప్యాడ్ ఊడిపోతే కథ అయిపోయినట్టు కాదు. ఎల్ పాయింటు పోతే అదే లైను ఎల్ బటన్ స్విచ్ కాలి దగ్గర మళ్లీ దొరుకుతుంది. అక్కడా వీలు కాకపోతే ట్రాక్ మీది ఆకుపచ్చ పూతను బ్లేడుతో మెల్లగా గీకి, మెరిసే రాగికి పలచగా లెడ్డు పూసి, ఎనామెల్ తీగతో జంపర్ వేసి, యూవీ జిగురుతో కప్పుతారు. చక్కగా వేసిన జంపర్ ట్రాక్ వెంటే వంపులు తిరుగుతుంది, లాగినా కదలదు.

ఈ దారులన్నీ తెలిసింది కంపెనీ దయవల్ల కాదు. సర్క్యూట్ పటాలు బయటికి ఇవ్వకపోతే, ఔత్సాహికులు బోర్డులు విప్పి, ట్రాకులు ఒక్కొక్కటీ వెతికి పటాలు గీసి అందరికీ పంచారు. మన దేశంలో రిపేరు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది. అది మొదట చూసిన రంగాల్లో ఫోన్లు, ట్రాక్టర్లు, కార్లు, ఇంటి వస్తువులు ఉన్నాయి. ఆట యంత్రాలకూ ఆ హక్కు అంతే కావాలి, ఎందుకంటే ఇరవై ఏళ్లనాటి సెట్టుకు కొన్ని విడిభాగాలు దొరికేది ఇంకొక చచ్చిన సెట్టులోనే.

కొన్నిసార్లు షార్ట్ ప్రాసెసర్ లోపలే తేలుతుంది. దానికి కొత్త చిప్ అమ్మేవాళ్లు లేరు. అప్పుడు ఆ బోర్డును పారేయరు. స్విచ్, కార్ట్‌రిడ్జ్ కనెక్టర్, ఎల్, ఆర్ బటన్లు, 4.194 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, ఫ్యూజ్ బాగుంటే అదీ విప్పి డబ్బాల్లో వేసి, ఏ బోర్డు నుంచి తీసిందో మీద రాసి పెడతారు. బల్ల మీదికి వచ్చే తర్వాతి సెట్టుకు ఎఫ్1 పోయి ఉంటే, ఆ డబ్బా తెరుస్తారు.