‘గై’ – ‘ఆసామి’: ఒక అర్థవిచారము

ఆంగ్ల వ్యవహారమున పురుషుని సూచించు ‘గై’ అను మాటకు మన అనువాదములలో తరచుగా ‘వాడు’ అను పదము కనిపించుచుండును. ఇది సమంజసము కాదని మా అభిప్రాయము. ‘వాడు’ అన్నంతనే చిన్నచూపో, మిక్కిలి చనువో ధ్వనించును. ‘ఆయన’ అన్నచో గౌరవము వచ్చి చేరును. ‘అతడు’ గ్రంథమునకే తగును. ‘గై’ యందీ తారతమ్యము లేదు.

దాని పుట్టుక చిత్రమైనది. 1605లో ఆంగ్ల పార్లమెంటును మందుగుండుతో పేల్చివేయ జరిగిన కుట్రలో పట్టుబడిన గై ఫాక్స్ పేరే దీనికి మూలము. ఏటేట నవంబరు 5న తగులబెట్టు అతని దిష్టిబొమ్మ ‘గై’ అయినది. 19వ శతాబ్దిలో వికారవేషధారికి ఆ పేరు పట్టినది. తరువాత అమెరికాలో నింద కరగిపోయి మనిషి మాత్రమే మిగిలినాడు.

పేరు మనిషియైన ఇట్టి పదము మనకును కలదు; అది ‘ఆసామి’. అరబ్బీలో ‘ఇస్మ్’ అనగా పేరు. ‘అసామీ’ దాని బహువచనరూపములలో నొకటి. పారసీక రెవిన్యూ లెక్కలలో పట్టీకెక్కిన పేర్లే క్రమముగా ఆ పేరుగల రైతులైనవి. హిందీలో అది కౌలురైతు. వంగభాషలో, పాపము, ముద్దాయి! శ్రీసిటీ పరిసరములందు ఈ భేదము మరింత స్పష్టము. తమిళ పత్రికల ‘మర్మ ఆసామి’ గుర్తు తెలియని దుండగుడు. సరిహద్దుకు ఈవల ‘మోతుబరి ఆసామి’ ఊరిలో పలుకుబడి గల రైతు. సత్యవేడు, వరదయ్యపాళెము ప్రాంతముల పొలములలో 2008 నుండి కర్మాగారములు వెలసినవి. పొలము పోయినను మాట పోలేదు.

వ్యాకరణదృష్టితోను ఇది గమనింపదగినది. ‘డు’వర్ణకము లేకున్నను ఇది మహద్వాచకమే, ‘ఆసామి వచ్చినాడు’, ‘ఆసామి వచ్చినారు’ అను రెండును చెల్లును. గౌరవనిర్ణయమును క్రియకు విడిచి నామము తటస్థముగా నుండును. ‘గై’కి ఇంత సమీపమైన పదము వేరొకటి మాకు తోచలేదు.

అయినను ఇరువదేండ్ల యువకుని ఎవరును ఆసామి యనరు. దానికి వయస్సు, కొంత ఆస్తివాసన అంటియున్నవి. అట్టిచోట ‘కుర్రవాడు’ అనుటయే మేలు. కర్మాగారముల యువకుల నోట వినవచ్చు ‘బ్రో’ ఇందులకు పనికిరాదు. అది ప్రధానముగా సంబోధన. ‘గై’ ఏకవచనమున సాధారణముగా సంబోధన కాదు. బహువచనమున స్త్రీపురుషులను కలిపి పిలుచునప్పుడు మాత్రము అనువాదకుడు నామమును వెదుకనక్కరలేదు. ‘మీరంతా’ అన్న చాలును.