లాకు: మాట ఎవరిది, చెయ్యి ఎవరిది?

నేను రాజమండ్రిలో తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాణ్ణి. ఆ మధ్య మా విద్యార్థి ఒకడు తన వ్యాసంలో “మా నాన్న పనిచేసే మిల్లు లాకౌటు అయింది” అని రాశాడు. “ఇంగ్లీషు మాట ఎందుకు? తెలుగులో రాయి” అని పక్కన ఎర్రసిరాతో రాశాను. మర్నాడు “మిల్లు మూతపడింది” అని దిద్దుకొచ్చాడు. మాట తెలుగయింది, వాక్యం మాత్రం మునుపటంత గుడ్డిగానూ వున్నది. మిల్లు తనంత తానే మూసుకున్నదా? నేను దిద్దవలసింది మాటను కాదు, వాక్యాన్ని అని అప్పుడు బోధపడింది. నా దిద్దుబాటుకు దిద్దుబాటే ఈ వ్యాసం.

“లాక్” అనే ఇంగ్లీషు మాటకు నిఘంటువుల్లో అర్థాలు కోకొల్లలు. తలుపు తాళం, పాతకాలపు తుపాకిని పేల్చే యంత్రం, కుస్తీలో పట్టు, పడవల్ని ఎత్తి దించే కాలువ కట్టడం, అన్నీ ఆ మాటే. తలవెంట్రుకల పాయకూ అవే అక్షరాలు. ఇన్నింటిలో గోదావరి డెల్టా ప్రజలు ముందుగా తమది చేసుకున్నది కాలువ అర్థాన్ని.

ఆర్థర్ కాటన్ ఆధ్వర్యాన 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. వేలాది కూలీల చేతులు మోసిన రాయి అది. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకు బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర కాలువలు బయలుదేరాయి. ఆ కాలువలు పొలాలు తడపటమేగాక పడవలు కూడా నడపాలి. నీటిమట్టం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. అందుచేత రెండు జతల తలుపుల మధ్య ఒక తొట్టి కట్టారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు. తూముల గుండా నీరు వదులుతారు. మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. రెండు జతలూ ఒక్కసారి తెరుచుకోకూడదు. రహస్యమంతా అంతే.

దీనికి పండితులెవరూ పేరు పెట్టలేదు. పడవవాడు, లస్కరు, రైతు కలిసి ఆ మాటకు “ఉ”కారం తగిలించి “లాకు” చేశారు; “లాకులు” అని బహువచనం కట్టారు. ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకులు ఇవాళ ఊరిపేరంత ప్రసిద్ధం. బస్సెక్కినవాడు “లాకుల దగ్గర దిగుతాను” అంటే కండక్టరుకు వ్యాఖ్యానం అక్కర్లేదు. రైలూ రోడ్డూ వచ్చి పడవలు తగ్గిపోయినా మాట మిగిలింది. దీన్ని పరభాషా దాస్యమనటం అన్యాయం. ఇంగ్లీషువాడు మాత్రం మన దక్షిణాది “ఆనకట్ట”ను “అనికట్” చేసి పట్టుకుపోలేదా? 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు అతని ఖాతాలో ఆ అప్పును రాసేవుంచింది.

ఇప్పుడు అసలు సంగతి. మన రైతు “లాకులెత్తారు” అంటాడు. ఆ “ఎత్తారు”లో మనిషి వున్నాడు. పేరు చెప్పకపోయినా క్రియ చివర నిలబడి వున్నాడు. కనుకనే దాళ్వాకు నీరందని శివారు రైతు “ఎవరెత్తారు? ఎవరి చేలకు ఎత్తారు?” అని అడగగలుగుతున్నాడు.

ఇదే మాట సంతానం “లాకౌటు” చూడండి. ఇంగ్లీషులో అది ఒకరు మరొకర్ని బయటికి నెట్టి తాళం వేయటం. 1913లో డబ్లిన్ నగరంలో యజమానులు సుమారు 20,000 మంది కార్మికులకు పని నిరాకరించారు. చరిత్రలో దాని పేరు లాకౌటే. మన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కూడా పనిస్థలాన్ని తాత్కాలికంగా మూయటం, పని నిలిపివేయటం, కార్మికుల్ని పనిలో కొనసాగించటానికి యజమాని నిరాకరించటం లాకౌటని నిర్వచించింది. చట్టానికి కనిపించిన యజమాని మన వాక్యంలో ఏమయ్యాడు? “కార్మికులు సమ్మెకు దిగారు” అంటాం. “మిల్లు లాకౌటు అయింది” అంటాం. కార్మికుడు చేస్తే మనుషుల క్రియ. యజమాని చేస్తే వానలాగా, గ్రహణంలాగా “అయింది”! “యాజమాన్యం లాకౌటు ప్రకటించింది” అని రాసే పత్రికలు లేకపోలేదు. అలా రాయటం సాధ్యమేనని అవే రుజువు చేస్తున్నాయి.

“లాకప్పు” సంగతీ ఇంతే. “లాకప్పులో మరణం సంభవించింది” అని రాస్తాం. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసు తీర్పులో సుప్రీంకోర్టు, అరెస్టు చేసే పోలీసులు తమ పేరూ హోదా స్పష్టంగా కనిపించే బిళ్ళ ధరించాలని ఆదేశించింది. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, కర్తృపదం లోపించరాదని తీర్పు!

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటించి, నాలుగు గంటల వ్యవధిలో దేశమంతటా అమలు చేసిన దానికి “లాక్‌డౌన్” అని పేరు. వలసకూలీలు వందల మైళ్ళు నడిచారు. రాతలో “లాక్‌డౌన్ అమల్లోకి వచ్చింది.” మా వీధిలో కూరలమ్మే ఆవిడ మాత్రం “లాక్‌డౌన్ పెట్టారు బాబూ” అన్నది. చదువులేని ఆవిడ వాక్యంలో కర్త వున్నాడు. చదువుకున్న మన వాక్యంలో లేడు. అంటురోగాన్ని ఆపటం అవసరమా కాదా అన్నది వేరే చర్చ. పెట్టినవారు జవాబుదారీ వహించాలంటే “పెట్టారు” అనక తప్పదు.

ఇంగ్లీషు మాటల్ని ఏరిపారేసి “జలబంధం”, “నిర్బంధ మూసివేత” లాంటివి తయారుచేస్తే భాష బాగుపడుతుందనే మిత్రులకు నా మనవి ఒకటే. “మూతపడింది” అచ్చతెలుగే, అది దాచింది తక్కువా? మాట పుట్టిన దేశం కాదు, వాక్యంలో అది చేసే పని చూడాలి. 1919లో వీరేశలింగం, గిడుగు రామమూర్తి ఈ రాజమండ్రిలోనే వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టి ప్రజల మాటను రాతలోకి తెచ్చే పనికి పూనుకున్నారు. మాట వచ్చింది. ప్రజలు అడిగే “ఎవరు?” అన్న ప్రశ్నను రాతలోకి తీసుకురావటం మన వంతు.

ఆ విద్యార్థి వ్యాసాన్ని మళ్ళీ అడిగి తీసుకున్నాను. నా ఎర్రసిరా కొట్టేసి, “లాకౌటు వుండనీ; ఎవరు చేశారో రాయి” అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, “రాస్తే మా నాన్నకేం కాదు గదండీ?” అని అడిగాడు.

కర్త ఎందుకు లోపిస్తాడో ఏ వ్యాకరణమూ నాకు అంత బాగా చెప్పలేదు.