సీమపేరు - పురపాలనము

రాయలసీమ యను పేరు వినినంతనే మనవారి హృదయములు పొంగును. పెనుకొండ కోటబురుజులు, హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి నంది, ధర్మవరము పట్టు - ఈ మూటిని వర్ణింపక యే సభయు ముగియదు. ఈ పొంగు తప్పని మేమనము. కాని సీమాభిమానమును గూర్చి వెలువడు వ్యాసములను చదువగా నొక పెద్దలోపము కానవచ్చుచున్నది. వానిలో రాజు కలడు, ప్రభుత్వము కలదు, పౌరుడు లేడు. పట్టుచీరను పొగడిన కలము, దానిని నేసిన మగ్గపువీధిలో మురుగుకాలువ యెవరి బాధ్యతయో అడుగదు.

పేరు కథనే చూడుడు. నైజాము 1800 లో కుంపిణీకి ఒప్పగించిన జిల్లాలకు దత్తమండలములని వాడుక. చేతులుమాఱిన సొత్తును తలపించు ఆ పేరు రోసి, 1928 లో నంద్యాల సభలో రాయలసీమ యని మార్చుకొంటిమి. క్రొత్తపేరు సూచించిన చిలుకూరి నారాయణరావుగారు అనంతపురము కళాశాలలో బోధకులు, ఉత్తరాంధ్రమునుండి వచ్చినవారు. (సీమకు పేరుపెట్టుటకు సీమలో పుట్టనక్కఱలేదన్నమాట!) తరువాత 1937 నవంబరు 16 న శ్రీబాగ్ ఒడంబడిక కుదిరెను. విశ్వవిద్యాలయము, నీటిపారుదల, శాసనసభలో స్థానములు, రాజధానియో ఉన్నతన్యాయస్థానమో - అన్నియు కోరదగినవే. కాని ఆ పత్రమున పురపాలకసంఘమును గూర్చి గాని జిల్లాబోర్డును గూర్చి గాని యొక్కముక్క లేదు. 1953 లో కర్నూలు రాజధాని యయ్యెను. 1956 లో అదియు పోయెను. ఆ శోకమే నాటినుండి మన సీమవ్యాసములలో సగపాలు.

2022 ఏప్రిల్ 4 న శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడి, పుట్టపర్తి దానికి కేంద్రమయ్యెను. తమ పట్టణమే కేంద్రము కావలెనని హిందూపురమువారు ఆందోళన చేసిరి. జనసంఖ్యను బట్టి చూచిన వారి కోరిక న్యాయమే. అయినను కలెక్టరు కచేరీకై తగవాడినవారిలో ఎందఱు, ఆ విభజనలో జిల్లాపరిషత్తు ఏల విభజింపబడలేదని యడిగిరి? కలెక్టరు వేఱాయెను, మన వోట్లతో నేర్పడు సభ అనంతపురముననే నిలిచెను.

స్పెయినుదేశమున కాటలోనియావారి చరిత్ర యిచట తలపవలసియున్నది. 1914 ఏప్రిల్ లో అచటి నాలుగు జిల్లాసభలు కలిసి యొక సంయుక్తసభగా నేర్పడినవి. దానికి క్రొత్తగా వచ్చిన యధికారము లేదు. ఆ జిల్లాసభలకు ముందునుండి యున్నదే. దానితోనే బాటలు వేసిరి, టెలిఫోనుతీగలు లాగిరి, చిన్నపట్టణములలో గ్రంథాలయములు తెఱచిరి. వానిని నడపుటకు 1915 లో స్త్రీలకొక విద్యాలయమును స్థాపించిరి. 1925 లో సైనికనియంత యా సభను రద్దుచేసెను. గ్రంథాలయములు నిలిచెను.

విచిత్రమేమన, 1914 ఏప్రిల్ లోనే బెజవాడలో మన ఆంధ్రదేశ గ్రంథాలయసంఘమును పుట్టెను. ఆ యుద్యమఫలముగా 1960 లో శాసనము వచ్చెను. ఇంటిపన్నుతోపాటు రూపాయకు ఎనిమిది పైసలు గ్రంథాలయపన్ను కట్టవలసివచ్చెను. హిందూపురమున, ధర్మవరమున, 2021 లో నగరపంచాయితీకి ఎన్నికలు జరిగిన పెనుకొండలోను ఇల్లుగలవారు దీనిని చెల్లింపవలసినదే. ఆ పైకము చేరు జిల్లాగ్రంథాలయసంస్థకు అధ్యక్షుని ప్రభుత్వము నియమించును. కట్టిన మనము ఎన్నుకొనము. మన గృహిణులలో ఎందఱు ఆ గ్రంథాలయపు గడప త్రొక్కిరి? సీమను గూర్చి వ్రాయువారు ఒకమాఱు ఇంటిపన్ను రసీదు చేతబట్టి, ఆ సొమ్ము ఏ యూర ఎంత వసూలైనది, ఎంత గ్రంథాలయమునకు చేరినది, ఏ పుస్తకములు వచ్చినవి యని విచారించి వ్రాసినచో, ఆ వ్యాసమును మేము రెండుమాఱులు చదువుదుము.