ప్లాటినం గీకితే పలికే రంపాలు

బజాజ్ చేతక్‌ను ఓ పక్కకు ఒంచి, మళ్ళీ నిలబెట్టి కిక్ కొట్టిన తరానికి పాత మోటారు రంపాల గురించి సగం సంగతులు చెప్పకుండానే తెలుసు. అదే టూ స్ట్రోక్ ఇంజను. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. ప్లగ్గు నల్లబడితే తీసి గీకాలి, ప్లాటినం పాయింట్లు అరిగితే సర్దాలి, కార్బరేటర్లో చెత్త చేరితే విప్పి ఊదాలి. మనం ఆ స్కూటర్లను తుక్కు కింద అమ్మేసుకున్నాం. అమెరికా వాయవ్య తీరంలో, కెనడాలో, జర్మనీలో, స్వీడన్‌లో మాత్రం 1940ల నుంచి 1970ల దాకా తయారైన రంపాలను పాత షెడ్లలోంచి, తుక్కు కొట్లలోంచి ఏరి తెచ్చి బతికించుకునే వాళ్ళున్నారు. గోడకు తగిలించడానికి కాదు, చలికాలానికి కట్టెలు కోసుకోవడానికి.

1926లో స్టుట్‌గార్ట్‌లో ఆండ్రియాస్ స్టిల్ కరెంటుతో నడిచే గొలుసు రంపం తయారుచేశాడు. మరుసటి ఏడు ఎమిల్ లెర్ప్ పెట్రోలు రంపాన్ని థురింజియాలోని డోల్మార్ కొండ మీద పరీక్షించి, ఆ కొండ పేరే తన సరుకుకు పెట్టుకున్నాడు. బరువు 58 కిలోలు. ఇద్దరు మోయాల్సిందే. రెండో ప్రపంచ యుద్ధం తరవాత మెగ్నీషియం, అల్యూమినియం పోతలు చవకయ్యాక గానీ రంపం ఒక్క మనిషి చేతికి రాలేదు. 1949లో మెకల్లక్ కంపెనీ తెచ్చిన 3-25 రంపం 3 హార్స్‌పవర్, 25 పౌన్లు, అంటే పదకొండు కిలోల పైచిలుకు. లండన్ బ్రిడ్జిని 1968లో కొని, రాళ్ళు ఊడదీయించి అరిజోనా ఎడారికి తరలించిన రాబర్ట్ మెకల్లక్‌దే ఈ కంపెనీ. అంత పిచ్చి ఉన్నవాడి రంపాలకు ఇన్నేళ్ళ తరవాత కూడా పిచ్చివాళ్ళు దొరకడంలో వింతేం లేదు.

ఇంజను తేలికైనా గొలుసు మాత్రం చాన్నాళ్ళు మొండికేసింది. అడ్డరంపం పళ్ళనే గొలుసుకు ఎక్కించారు కనుక అది కలపను కోయడం కన్నా గీరడమే ఎక్కువ. పొట్టు రాలేది, పళ్ళు మొద్దుబారేవి, పదును పెట్టడానికి పూటలు పట్టేవి. 1946లో ఓరెగాన్ అడవుల్లో కలప పని చేసే జో కాక్స్, మొద్దును తొలుస్తున్న ఓ పురుగు లార్వాను పరిశీలనగా చూశాడు. దాని దవడలు కుడికీ ఎడమకీ ఆడుతూ కలపను చెక్కేస్తున్నాయి. ఆ పద్ధతినే ఉక్కులో పెట్టి, ఒక పన్ను కుడికి, ఒకటి ఎడమకు వంగిన కొత్త గొలుసు చేశాడు. పోర్ట్‌లాండ్‌లో తన ఇంటి నేలమాళిగలో మొదలైన ఆ వ్యాపారమే ఓరెగాన్ పేరుతో అమ్ముడయ్యే గొలుసులకు మూలం. ఇవాళ అమ్మే ఏ గొలుసు చూసినా ఆ వంపే కనిపిస్తుంది.

కార్బరేటర్ దగ్గర పాత రంపాల అసలు తెలివి బయటపడుతుంది. స్కూటర్‌లో ఉన్నట్టు తొలినాటి రంపాల్లోనూ ఫ్లోట్ ఉండేది. ఫ్లోట్ నిలువుగా ఉంటేనే పని చేస్తుంది. కానీ నిలబడ్డ చెట్టును కోసేటప్పుడు గొలుసు తిరిగే బార్ అడ్డంగా ఉండాలి, పడిన దుంగను ముక్కలు చేసేటప్పుడు నిలువుగా ఉండాలి. అందుకని ఇంజను కదలకుండా గేరుపెట్టె దగ్గర బార్‌ను మాత్రం తిప్పుకునే ఏర్పాటు చేశారు. ఆ తరవాత ఫ్లోట్ పోయి, పల్చని పొర గాలి ఒత్తిడికి పైకీ కిందకీ ఆడుతూ పెట్రోలు తోడే డయాఫ్రం కార్బరేటర్ వచ్చింది. రంపాన్ని తలకిందులు చేసినా ఇంజను ఆగదు. టిల్లట్‌సన్ కంపెనీ ఆనాటి కార్బరేటర్లలో చాలావాటికి ఆ పొరలు, రబ్బరు ముక్కలు ఇప్పటికీ కిట్లుగా దొరుకుతున్నాయి. ఇవి దొరక్కపోతే ఈ వ్యాపకమే లేదు.

దొరికిన రంపాన్ని తేగానే తాడు లాగేయకూడదు. మొదట సైలెన్సర్ విప్పి, ఆ కంతలోంచి పిస్టన్‌ను చూడాలి. నున్నగా ఉంటే అదృష్టం, నిలువు గీతలు పడి ఉంటే ఎప్పుడో సీజ్ అయిన బండి. తరవాత స్టార్టర్ పిడి పట్టుకుని రంపాన్ని గాలిలో వేలాడదీయాలి. తన బరువుకు తాను ఆగి ఆగి మెల్లగా దిగితే కంప్రెషన్ ఉన్నట్టు, జర్రున జారిపోతే రింగులు పోయినట్టు. ఆ తరవాత నిప్పు సంగతి. ప్లాటినం పాయింట్లు మ్యాగ్నెట్ వెనక దాక్కుని ఉంటాయి. ఏళ్ళ తరబడి వాడకపోతే వాటి మీద తుప్పు పొర కడుతుంది. శుభ్రమైన అట్టముక్కను మధ్యలో పెట్టి లాగి, ఫీలర్ గేజ్‌తో సందు చూసుకోవాలి. చాలావాటికి 0.015 అంగుళం, అంటే 0.4 మిల్లీమీటరుకు కాస్త తక్కువ. చచ్చిందనుకున్న రంపాల్లో చాలా వరకు ఇక్కడే లేచి కూర్చుంటాయి. చల్లగా ఉన్నప్పుడు పలికి, వేడెక్కాక ఆగిపోయేదైతే కండెన్సరునో కాయిల్‌నో అనుమానించాలి.

తొందరపాటు వాళ్ళు మరిచేది క్రాంకు ఆయిల్ సీళ్ళను. రబ్బరు గట్టిపడి గాలి పీలుస్తుంటే పెట్రోలు పాలు తగ్గి ఇంజను తనంతట తాను రేసవుతుంది. వినడానికి హుషారుగా ఉంటుంది, కాసేపట్లో పిస్టన్ పట్టేస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు కార్బరేటర్ మరను కొంచెం ఎక్కువ పెట్రోలు వచ్చేలాగే తిప్పుతారు. ఖాళీగా తిరిగేటప్పుడు గొంతులో నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు మోగాలి. బార్ దుంగలోకి దిగగానే ఆ గరగర పోయి స్వరం శుభ్రపడాలి. ఈ పని చెవితో చేసేదే. ఇక మెగ్నీషియం పోతలో స్క్రూ బిగించేటప్పుడు చెయ్యి అదుపులో ఉండాలి. కాస్త బలం ఎక్కువైతే మర పోతుంది.

ఆనాడు పెట్రోల్లో ఆయిల్ 16కి 1 పాలు కలిపేవారు, అంటే లీటరుకు 60 మిల్లీలీటర్ల పైనే. ఇప్పటి ఆయిళ్ళు మేలైనవి కనుక అంత అక్కర్లేదు, 40కి 1 చాలంటారు చాలామంది. అసలు శత్రువు ఇథనాల్. పాత రబ్బరును ఉబ్బిస్తుంది, తేమను లాక్కుంటుంది. మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది కనుక ఇది అమెరికా గొడవ మాత్రమే కాదు. పాత టూ స్ట్రోక్ ఇంజను ఏదైనా సరే, మూలన పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, కార్బరేటర్లో మిగిలింది కూడా కాలిపోయేదాకా నడపడం మంచిది.

గొలుసుకు పదును పెట్టడం వేరే విద్య. గుండ్రటి ఆకురాయిని 30 డిగ్రీల వాలులో, లోపలి నుంచి బయటికి, ఒక్క వైపుకే తోయాలి. ప్రతి పన్నుకూ అన్నే తోపులు, లేకపోతే కోత ఓ పక్కకు పోతుంది. రంపం ముక్కలు విసురుతుంటే పదునున్నట్టు, పిండి రాలుతుంటే ఆపి ఆకురాయి అందుకోవాలన్నట్టు. చాలా పాత రంపాల్లో బార్‌కు నూనె దానంతట అది రాదు. కోస్తున్నంతసేపూ బొటనవేలితో పంపు నొక్కుతూనే ఉండాలి.

ఇంతవరకు మురిపెంగా చెప్పాను కాబట్టి రెండో వైపూ చెప్పాలి. ఈ రంపాల్లో చాలావాటికి చైన్ బ్రేక్ లేదు. అది వచ్చింది 1970ల మొదట్లో. బార్ కొస పైభాగం దేనికైనా తగిలితే రంపం ఎగిరి మొహం మీదికి వస్తుంది, ఆపేది పట్టు ఒక్కటే. చాలావాటి పిడులకు అదురు తగ్గించే రబ్బర్లూ లేవు. ఆ అదురుకు వేళ్ళకు రక్తం ఆడక తెల్లబడే జబ్బు 1960లలో జపాన్ అడవి కార్మికుల్లో ఎంతమందికో వచ్చింది. పైగా పోసిన పెట్రోల్లో కొంత కాలకుండానే పొగలో పోతుంది. రోజుకూలికి చెట్లు కొట్టే మనిషి చేతికి వీటిని ఇవ్వడం అన్యాయం. సెలవునాడు ఓ గంట, హెల్మెట్, చెవులకు రక్షణ, కాళ్ళకు కోత తగలని తొడుగులు వేసుకుని కోసుకునేవాడికి మాత్రం ఇవి వేరే యంత్రం దగ్గర దొరకని చదువు చెబుతాయి. గాలి, పెట్రోలు, నిప్పు, కంప్రెషన్ నాలుగూ కంటికి కనిపించేలా, మామూలు పానాలతో విప్పగలిగేలా కట్టిన ఇంజను ఇది. మెకల్లక్ కంపెనీ 1999లో దివాలా తీసినా, దాని పాత రంపాలు నేటికీ నడుస్తున్నది అందుకే.

రంగు కొట్టి మెరిపించడం నాకు నచ్చదు. అరిగిన పిడి, మాసిన పసుపు రంగు ఉన్నవి ఉన్నట్టుండనిచ్చి, లోపల సీళ్ళు, గొట్టాలు మార్చినదే మేలైన రంపం. ఎప్పుడైనా మీరు ఒకటి కొనాల్సి వస్తే పైమెరుపుకు పడిపోకండి. సైలెన్సర్ విప్పి పిస్టన్ చూడనివ్వమనండి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బేరం ఆడకుండా వచ్చేయండి.